ఉప్పులో విషవాయువు ఉందా? – మూలకాలు, సంయోగ పదార్థాలు



"మూలకానికీ, సంయోగ పదార్థానికీ భేదాలు రాయండి" అనేది పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న. మేము కూడా ఈ హాస్టల్లో ఉండగా నిర్వచనాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కాని "మరి మీ పప్పులో ఉప్పు ఈ రెండింటిలో ఏది?" అని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాళ్లం. అందుకే ఉప్పుతోనే మొదలుపెడదాం.

ఆమదాలవలసలో పలాస వైపు రైలెక్కితే దారిలో నౌపడ వస్తుంది. అక్కడి ఉప్పు మడుల్లో సముద్రపు నీరు పెడితే, ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. సముద్రపు నీరు మిశ్రమం కనుక విడదీయడానికి ఎండ చాలింది. ఆ ఉప్పును మాత్రం ఎంత ఎండబెట్టినా, దంచినా, నీటిలో కరిగించినా ఉప్పుగానే ఉంటుంది. ఎందుకంటే అందులో సోడియం, క్లోరిన్ అనే రెండు మూలకాలు రసాయనికంగా కలిసి ఉన్నాయి. అలా ఏర్పడినదే సంయోగ పదార్థం.

58.5 గ్రాముల శుద్ధమైన ఉప్పులో 23 గ్రాముల సోడియం, 35.5 గ్రాముల క్లోరిన్ ఉంటాయి. ఉప్పు నౌపడదైనా, గుజరాత్‌దైనా ఈ నిష్పత్తి మారదు. మిశ్రమానికి ఈ కట్టుబాటు లేదు. మన సాంబారులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడం అందరికీ అనుభవమే!

ఉప్పును బాగా వేడిచేసి ద్రవంగా మార్చి, అందులోకి విద్యుత్తు పంపితే సోడియం, క్లోరిన్ విడిపోతాయి. సోడియం కత్తితో కోయగలిగేంత మెత్తని లోహం. నీటిలో పడితే తీవ్రంగా చర్య జరుపుతుంది కనుక కిరోసిన్‌లో ఉంచుతారు. క్లోరిన్ పసుపు ఆకుపచ్చ రంగు గల విషవాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దీనినే. ఏ రసాయన చర్యతోనూ వీటిని ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేం. అందుకే ఇవి మూలకాలు. ఇప్పటికి 118 మూలకాలు తెలుసు.

చూశారా! నీటిలో మండే లోహం, ఊపిరి తీసే వాయువు కలిసి మనం రోజూ తినే ఉప్పు అయ్యాయి. సంయోగ పదార్థానికి దానిలోని మూలకాల గుణాలు ఉండవు. కొత్త గుణాలు వస్తాయి. ఈ ఒక్క మాట అర్థమైతే పాఠమంతా అర్థమైనట్లే.

ఇది పరీక్షకే కాదు, ప్రాణానికీ అవసరం. బ్లీచింగ్ పౌడరులో కూడా క్లోరిన్ సంయోగ రూపంలోనే ఉంటుంది. తగిన మోతాదులో వేస్తే ట్యాంకులో నీటిని శుభ్రం చేస్తుంది. కాని బాత్రూములు కడిగేటప్పుడు ఇంకా తెల్లబడతాయని దాని మీద యాసిడ్ పోస్తే, చర్య జరిగి క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం. కనుక తమ్ముళ్లూ, ఆ రెండింటినీ ఎన్నడూ కలపకండి. ఘాటు వాసన వచ్చి దగ్గు, కళ్లమంట మొదలైతే వెంటనే ఆరుబయటికి వచ్చి, వార్డెన్ గారికి చెప్పండి.

ఈసారి భేదాలు రాసేటప్పుడు పుస్తకం కంటే ముందు వంటగదిలోని ఉప్పు డబ్బాను గుర్తు చేసుకోండి. జవాబు దానంతటదే వస్తుంది.