ఒకే యెండ, రెండు పంటలు
(సౌరఫలకముల క్రింద స్ట్రాబెర్రీ సాగు: తల్లిదండ్రులకొక పాఠము)

పొలమున సౌరఫలకములు నిలిపినచో పంట పోవుననియు, పంట వేసినచో ఫలకములకు తావుండదనియు సామాన్యముగా తలంతుము. భూమిని కౌలుకిచ్చుటయా, సేద్యము సాగించుటయా యను ప్రశ్న నేడు పెక్కు కుటుంబముల ముందున్నది. ఈ రెంటిని కలుపు మార్గమొకటి కలదు. పిల్లలు దానిని విజ్ఞానశాస్త్ర పాఠముగా చదువవలెను. పెద్దలు జమాఖర్చుల లెక్కగా చూడవలెను.

మొదట మొక్కను గూర్చి తెలిసికొందము. నేటి స్ట్రాబెర్రీ 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో, ఉత్తర అమెరికా జాతి యొకటియు, చిలీ దేశపు జాతి యొకటియు కలియుటచే పుట్టినది. మనము పండని తిను ఎఱ్ఱని భాగము నిజమునకు ఉబ్బిన పుష్పాసనము. దానిపై గింజలవలె కనబడునవే అసలు ఫలములు. ఈ మొక్క వేళ్లు లోతునకు దిగవు. కావున నేల పైపొర యెండినంతనే మొక్క వాడును. చల్లదనము దీనికి ప్రియము. అందుచేతనే మన మహారాష్ట్రములో సాతారా జిల్లాలోని మహాబలేశ్వరము, పంచగని కొండలపై ఇది బాగుగా పండుచున్నది. మహాబలేశ్వరపు పంటకు 2010లో భౌగోళిక సూచిక లభించినది.

ఎండ యెంత యెక్కువైన మొక్కకు అంత మేలని తలంపరాదు. ఆకు వెలుతురును ఒక హద్దు వఱకే వినియోగించుకొనగలదు. స్ట్రాబెర్రీకి ఆ హద్దు నిండు మధ్యాహ్నపు టెండలో సుమారు సగమునకే వచ్చును. మిగిలిన యెండ ఆకును వేడిచేయును. అప్పుడు ఆకు తన సూక్ష్మరంధ్రములను మూసికొనును, పెరుగుదల మందగించును. ఆ మిగులు ఎండనే ఫలకములు గైకొని విద్యుత్తుగా మార్చును. మొక్కయు ఫలకమునకు మేలు చేయును. ఎట్లనగా, ఫలకము 25 డిగ్రీలకు పైన వేడెక్కిన ప్రతి డిగ్రీకిని సుమారు 0.4 శాతము శక్తిని కోల్పోవును. ఆకులు విడుచు నీటియావిరి గాలిని చల్లబఱచి ఆ నష్టమును కొంత తగ్గించును.

ఈ యూహను 1981లో జర్మనీ శాస్త్రజ్ఞులు గోయెట్జ్‌బెర్గర్, జాస్ట్రో అను వారు ప్రకటించిరి. జపానులో 2004లో నాగషిమా అకిరా దీనిని ఆచరణకు తెచ్చి, ఎండను పంచుకొనుట యను అర్థము గల పేరు పెట్టెను. 2013లో ఆ దేశ ప్రభుత్వము పొలములలో ఫలకములకు అనుమతి నిచ్చుచు, దిగుబడి ఇరుగుపొరుగు పొలములకన్న 20 శాతమునకు మించి తగ్గరాదని నియమించినది.

ఈ నియమ మేల? జర్మనీలోని హెగెల్‌బాఖ్ పొలము సమాధానము చెప్పును. 2017లో అచట ఫలకముల క్రింద గోధుమ, బంగాళదుంప దిగుబడి ఐదవవంతునకు చేరువగా తగ్గినది. మఱుసటి వేసవి మిక్కిలి వేడియై వాన కొఱవడగా, అదే నీడలో బంగాళదుంప 11 శాతము, గోధుమ 3 శాతము అధికముగా పండినవి. అమెరికాలోని అరిజోనాలో జరిగిన పరిశోధనలో, ఒక జాతి మిరప ఫలకముల నీడలో మూడింతలు కాచినదని 2019లో ప్రకటించిరి. వేడి యేట నీడ యిచ్చును, చల్లని యేట తీసికొనును.

స్ట్రాబెర్రీకిని ఇదియే న్యాయము. నీడ మితిమీరిన పూత తగ్గును, పండుట ఆలస్యమగును, తీపి కొఱవడును. మన కొండలపై ఈ పంట చలికాలమున పండునది; అప్పటి యెండ మందము. కావున ఫలకముల వరుసలు ఎడమెడముగా నుండవలెను. కూలివారు నిలిచి పనిచేయుటకు తగిన యెత్తును ఉండవలెను. ఎత్తు పెరిగిన కొలది ఇనుము ఖర్చు పెరుగును.

అందుచేత భూమి గల తల్లిదండ్రులు కౌలుపత్రముపై సంతకము చేయుటకు ముందు ఈ ప్రశ్నలడుగుడు: ఫలకముల క్రింద సాగుచేయు హక్కు ఎవరిది? వాని యెత్తెంత, ఎడమెంత? పంట తగ్గినచో నష్టమెవరు భరింతురు? గడువు తీరిన పిదప పునాదులు ఎవరు తొలగింతురు? సమాధానములు వ్రాతమూలకముగా నుండవలెను.

ఇంటి అభ్యాసము: రెండు కుండీలలో మిరప నాటుడు. ఒకటి నిండు ఎండలో, రెండవది మధ్యాహ్నము మాత్రము నీడ పడుచోట ఉంచుడు. పోసిన నీటిని, కోసిన కాయలను పిల్లలచే వేర్వేఱుగా తూచి వ్రాయింపుడు. నీడ విలువ యెంతయో ఆ లెక్కయే తెలుపును.