పెట్టెలోని పనిశాల
(వెబ్ అప్లికేషను నేర్చుకొను విద్యార్థులకు)

విద్యార్థులారా, ద్వారకా నగర్ ప్రాంతమున కంప్యూటరు విద్య నేర్చుకొను యువకులనుండి తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “ఇంటివద్ద చక్కగా నడచినది, ఇచ్చట నడువకున్నది.” తప్పు వారి ప్రోగ్రాములో లేకపోవచ్చును. ఇంటనున్న పైథాన్ ఒక సంచికయు, అచ్చటనున్నది వేఱొక సంచికయు కావచ్చును. ఒకచోట డేటాబేసు ఉండును, మఱొకచోట ఉండదు. నెలలకొలది చేసిన పని ప్రదర్శన దినమున నిలిచిపోవును. సొంత కంప్యూటరు లేక, చేతికందిన యంత్రముపై నేర్చుకొను బీద విద్యార్థికి ఈ చిక్కు మఱింత భారము. దీనికి విఱుగుడు కంటైనరు.

కంటైనరు అనగా నేమి?

ఈ పేరు ఓడల వర్తకమునుండి వచ్చినది. పూర్వము బస్తాలను, పీపాలను, మూటలను కూలీలు ఒక్కొక్కటిగా ఓడకెక్కించెడివారు. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలో లారీల వ్యాపారియైన మాల్కమ్ మెక్లీన్ 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెవార్క్ నుండి హ్యూస్టన్‌కు పంపెను. పిమ్మట 20, 40 అడుగుల పెట్టెలు లోకమంతట వ్యాపించెను. 1933లో తెఱువబడిన మన విశాఖ రేవునందును 2003 నుండి కంటైనరు టెర్మినలు పనిచేయుచున్నది. పెట్టెలో బియ్యమున్నదో యంత్రమున్నదో క్రేనునకు తెలియనక్కఱలేదు; పెట్టె కొలత సరియైన చాలును.

కంప్యూటరు కంటైనరును అట్టిదే. ప్రోగ్రామును, దానికి కావలసిన పైథాన్‌ను, లైబ్రరీలను ఒక్కచోట కట్టి యుంచును. 2013లో సాలమన్ హైక్స్ బృందము వెలువరించిన డాకర్ ఈ పద్ధతిని అందఱకు సులభము చేసెను. ఇది యంత్రములో మఱొక పూర్ణయంత్రమును కల్పించుట కాదు. లినక్సు కెర్నెల్ ఒక్కటే; అది ఒక్కొక్క కంటైనరునకు ఒక్కొక్క గదిని వేఱుచేసి యిచ్చును. కావుననే అది క్షణములలో లేచును. విండోస్ యంత్రముపై డాకర్ తానే లోలోపల ఒక లినక్సును నడపుకొనును. ఇమేజి యనునది అచ్చు. కంటైనరు ఆ అచ్చునుండి తీసిన వస్తువు.

పని చేయు క్రమము

పాఠశాల గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనినవారి పట్టీని ఫ్లాస్క్‌తో వ్రాయుచున్నామనుకొందము. దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కావలెను.

1. డాకర్‌ఫైల్ వ్రాయుడు. ఏ పైథాన్, ఏ లైబ్రరీలు, ఏ ఆజ్ఞతో మొదలు అనునవి అందుండవలెను. సంచిక సంఖ్యను స్పష్టముగా వ్రాయుడు. “లేటెస్ట్” అని వ్రాసినచో నేడు ఒకటి వచ్చును, మఱుసటి యేట వేఱొకటి వచ్చును.

2. కంపోజ్ ఫైలునందు ‘వెబ్’, ‘డీబీ’ అను రెండు సేవలను పేర్కొనుడు.

3. పోర్టును కలుపుడు. ఇచ్చట పోర్టు అనగా ఓడరేవు గాదు, రాకపోకలకు ద్వారము. కంటైనరులోని 5000 ద్వారమును మన యంత్రపు 8000 ద్వారముతో కలుపవలెను. ఫ్లాస్క్ 0.0.0.0 చిరునామాపై వినునట్లు చేయనియెడల వెలుపలి పిలుపు దానికి అందదు.

4. ప్రోగ్రాము ఫోల్డరును వెబ్ కంటైనరునకు జతచేయుడు. అప్పుడు మీరు దిద్దిన ప్రతి పంక్తియు లోపల కనబడును. డేటాబేసునకు ఒక వాల్యూమును కేటాయింపుడు.

5. “డాకర్ కంపోజ్ అప్” అని ఆజ్ఞాపింపుడు. మొదటిసారి ఇమేజీలు దిగుమతి యగుటకు ఇంటర్నెట్ కావలెను. లైబ్రరీల పట్టికను మార్చినప్పుడెల్ల ఇమేజిని మరల నిర్మింపవలెను.

గమనింపవలసిన విషయములు

వెబ్ కంటైనరులో “లోకల్‌హోస్ట్” అనగా ఆ కంటైనరే. కావున డేటాబేసును ‘డీబీ’ అను సేవపేరుతో పిలువవలెను. డీబీ సిద్ధము కాకమున్నే వెబ్ లేచినచో తప్పు చూపును. హెల్త్‌చెక్ వ్రాసి, అది నెఱవేఱిన పిమ్మటనే వెబ్ లేచునట్లు చేయుడు. “డాకర్ కంపోజ్ డౌన్” అనినచో కంటైనరులు పోవును గాని వాల్యూము నిలుచును. చివర “వి” గుర్తు చేర్చినచో వాల్యూమును, అందలి పట్టీయు పోవును. సంకేతపదమును వేఱు ఫైలునందుంచి, దానిని ఇతరులకు పంపు ఫైళ్లలో చేర్పకుడు. మఱియు వాల్యూము తనంత తాను వేఱొక యంత్రమునకు రాదు. పోస్ట్‌గ్రెస్ డంపు తీసి వెంట కొనిపోవలెను.

ఫలితము

ఇట్లు చేసినవాడు తన ఫోల్డరును డాకర్ ఉన్న వేఱొక యంత్రమునకు కొనిపోయి, ఒక్క ఆజ్ఞతో పనిని తిరిగి ఆరంభింపగలడు. యంత్రము తనదా, పరునిదా యను భేదము చాలవఱకు తొలగును. ఇంకొక మేలు కలదు. మనస్సులో నుంచుకొనిన యేర్పాటు ఆ మనిషితోనే పోవును. వ్రాసిపెట్టినది తరువాత వచ్చు విద్యార్థికి అందును. కావున ఏది యమర్చినను, అమర్చిన విధమును వ్రాసి యుంచుడు.

అభ్యాసము

1. ఇమేజికిని కంటైనరునకును గల భేదమేమి?
2. “లేటెస్ట్” అని వ్రాయరాదనుటకు కారణమేమి?
3. పట్టీలోని పేర్లు పోకుండ కంటైనరులను తొలగించు విధమెట్లు?