నీళ్ళు తాగి బస్సెక్కు

వాడరేవు,
ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకు మీ అత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం సంగతి నువ్వు చెప్పలేదు, మీ పిన్ని చెప్పింది. మూత్రంలో ఇన్ఫెక్షనంట, చలిజ్వరమంట, సెలైను కూడా ఎక్కించారంట. నేను మెసేజ్ పెడితే నువ్వేమో “బస్సు పడలేదత్తా, అంతే” అని జవాబిచ్చావు. నీకు బస్సు పడకపోవడమేంటే? నడక రాకముందే కిటికీ సీటు కోసం ఏడ్చినదానివి. మీ అమ్మని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపెట్టింది. బయల్దేరే రోజు పొద్దున్నించే నీళ్ళు మానేస్తున్నావంట, రాత్రి బస్సు దిగాల్సిన పని పడకూడదని.

ఫోన్ చేసి చెబితే “సరే అత్తా, సరే అత్తా” అని పెట్టేస్తావు. అందుకే కాయితం పట్టుకున్నాను.

నీ ఉద్యోగం గురించి, ఆ హాస్టలు కూడు గురించి నేనేమీ అనను. మీ నాన్న రైల్లో రమ్మంటాడు. చీరాల మీదుగా రైళ్ళున్న మాట నిజమే, పండగ వారంలో బెర్తు దొరకదన్నదీ నిజమే. ఎటూ నువ్వు బస్సులోనే వస్తావు. రా. కానీ నీళ్ళు తాగి రా. పొద్దున్నించీ గొంతు తడపకుండా, ఆపైన ఏడెనిమిది గంటలు బిగబట్టుకుని కూర్చుంటే రోగం రాక ఏమొస్తుంది? ఇప్పుడు ఇన్ఫెక్షనుతో పోయింది, రేపు రాళ్ళు కడతాయి. పాతికేళ్ళు కూడా నిండని పిల్లవి, నీ చేతికి సూది గుచ్చారని విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. సర్లే, ఆ మాట వదిలెయ్.

నీళ్ళ విలువ తెలియని ఊళ్ళో పుట్టావా నువ్వు? మీ తాత దొరువు నువ్వు చూడలేదు, పూడిపోయింది. ఈ వేటపాలెం, చీరాల ఇసక నేలల్లో పైపైన మంచినీళ్ళుంటాయి, ఆశపడి లోతుకి పోయావా, ఉప్పు తగులుతుంది. అందుకని వెడల్పుగా గొయ్యి తీసి, కావిడి కుండలతో లోపలికి దిగేందుకు ఏటవాలు దారి వదిలేవాళ్ళు. రెండు కుండలూ ముంచుకుని పైకొచ్చి వేరుశనగ సాళ్ళ మధ్య చల్లుకుంటూ పోయేవాడు తాత. సాయంత్రానికి దొరువు అడుగంటితే పొద్దున్నకి మళ్ళీ ఊరేది. ఆయన మనవరాలివి, పక్కన సీసా పెట్టుకుని ఎండిపోతావా?

నువ్వు నిద్రపోతూ దాటేసే దారి ఉందే, అదంతా నీళ్ళ లెక్కే. నరసరావుపేట దగ్గర సాగర్ కుడి కాలవ నీళ్ళు. పొందుగుల దాటాక కృష్ణ మీద వంతెన, అవతల వాడపల్లి. హైదరాబాదులో నువ్వు ముక్కు మూసుకుని దాటే మూసీ అక్కడికొచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కణ్ణుంచి నల్గొండ జిల్లా. ఫ్లోరైడు నీళ్ళతో అక్కడివాళ్ళ ఎముకలు వంగిపోయిన సంగతి చదివే ఉంటావు. ఇప్పుడు కృష్ణ నీళ్ళు ఇస్తున్నారు, అయినా దాబాలో జగ్గు నీళ్ళు ముట్టుకోకు. కాచి చల్లార్చిన నీళ్ళు వెంట తెచ్చుకో.

నేను మొదటిసారి హైదరాబాదు వెళ్ళింది మీ పెద్దనాన్నకి అక్కడ ఉద్యోగమొచ్చిన ఏడు. మీ నానమ్మ ముందురోజు రాత్రే చెంబు దాచేసింది, దారిలో అగచాట్లు పడతామని. పగటి బస్సు, ఎండాకాలం. ముందు సీట్లో ఈపూరుపాలెం నుంచి ఒకావిడ, హైదరాబాదులో అమ్మడానికి చీరల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటుతుండగా లేచి నిలబడి, “బాబూ, ఆపు” అంది. వచ్చే స్టాండు దాకా ఓర్చుకోమన్నాడు డ్రైవరు. “నువ్వు ఓర్చుకో మిర్యాలగూడ దాకా, నీ తర్వాత నేను ఓర్చుకుంటా” అంది. బస్సంతా నవ్వు. ఆపక ఏం చేస్తాడు!

చెట్టు లేదు, చాటు లేదు. ఆవిడ మూట విప్పి గంజి కూడా వదలని కొత్త చీర లాగింది. మడత విప్పుతుంటే ఫెళఫెళమంది. నీలం చీర, చేతివెడల్పు అంచు. ఇటు కొస ఒకళ్ళు, అటు కొస ఒకళ్ళు పట్టుకుంటే దాని వెనక్కి బస్సులో ఆడవాళ్ళందరూ వంతులవారీగా వెళ్ళొచ్చారు. అప్పటిదాకా ఎవరికీ అవసరం లేనట్టే కూర్చున్నవాళ్ళు! చీర మీద పడ్డ సున్నపు దుమ్ము దులిపి, పాత మడతల మీదే మడిచి మూటలో పెట్టేసింది. ఆ చీర కొన్న మహాతల్లి ఎవరో మరి. మీ నానమ్మ సీట్లో కూర్చుంటూనే ఆవిడ చెంబు అడిగి పుచ్చుకుని గడగడా తాగింది. హైదరాబాదు గౌలిగూడలో దిగేసరికి ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటున్నారు. అప్పట్లో బస్సులు ఆ వంపు కప్పు రేకుల షెడ్డులోనే ఆగేవి. 2018లో అది కూలిపోయిందని పేపర్లో చూసి నీకు ఫొటో పంపితే, “ఏంటత్తా ఇది, గోడౌనా?” అన్నావు.

ఇప్పుడు చీర అడ్డం పెట్టాల్సిన పని లేదులే. పెట్రోలు బంకుల్లో గాలీ, తాగే నీళ్ళూ, మరుగుదొడ్డీ ఉంచాలని నియమం ఉంది. బంకు కనపడితే ఆపమని అడుగు, అడగడానికి సిగ్గెందుకు? ఎక్కేటప్పుడే డ్రైవరుతో, “అన్నా, మధ్యలో ఒకసారి ఆపాల్సొస్తుంది” అని చెప్పి ఉంచు. ముందే చెప్పినవాళ్ళని విసుక్కోరు. ప్రైవేటు స్లీపరైతే డ్రైవరు క్యాబిన్ తలుపు మూసేసి ఉంటుంది, పిలిచినా వినపడదు. అందుకని ఆ హెల్పరు కుర్రాడి నంబరు ముందే తీసుకో. పై బెర్తు వద్దు, దిగాలంటే బద్ధకమేస్తుంది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే ఒకసారి వెళ్ళిరా. బస్టాండులో డబ్బులు అడగొచ్చు, చిల్లర చేతిలో ఉంచుకో. ఒకేసారి లీటరు దించకు, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండు. రాత్రి హోటలు దగ్గర ఆపినప్పుడు నిద్ర నటించకుండా దిగు, పక్క సీటావిడని లేపు. ఆవిడకీ అవసరమే అయ్యుంటుంది, నువ్వు లేస్తే తనూ లేద్దామని చూస్తుంటుంది.

అద్దం పగలగొట్టే సుత్తి, ఎమర్జెన్సీ తలుపు ఎక్కడున్నాయో కూడా చూసుకో. 2013లో పాలెం దగ్గర 45 మంది పోయారు, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ఇంకో బస్సు కాలిపోయింది. ఆ సంగతి మీ నాన్న రోజూ చెబుతూనే ఉన్నాడు కాబట్టి నేను పొడిగించను.

మీ అమ్మకి కొత్త పిచ్చి పట్టింది. 2025 ఆగస్టు 15 నుంచి మన దగ్గర ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్సు దాకా టిక్కెట్టు డబ్బుల్లేవు కదా, సరిహద్దు దాకా అలా వెళ్ళి, అవతల ఇంకో బస్సు ఎక్కితే ఖర్చు తగ్గుతుందని లెక్కలు వేస్తోంది. తెలంగాణలో ఉచితం అక్కడి అడ్రసుతో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకేనని చెప్పినా వినదు. నువ్వు వినకు. ఆ డబ్బులు నేనిస్తా, హాయిగా ఒకే బస్సులో రా.

అన్నట్టు, 2025 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు బస్టాండులోకి నీళ్ళొచ్చిన రాత్రి నువ్వు ఫోనెత్తలేదు. ఛార్జింగ్ లేదన్నావు. ఆ రాత్రి ఇక్కడ ఎవరూ పడుకోలేదు. పవర్‌బ్యాంకు కొనుక్కో. కొన్నానని అబద్ధం చెప్పకు, ఫొటో పెట్టు.

సంక్రాంతి రిజర్వేషన్లు తొందరగా అయిపోతాయి, ఇప్పుడే చేయించు. సీటు ముందు వరసల్లో ఉండాలి, మాట డ్రైవరు చెవిన పడాలి. వేటపాలెం జీడిపప్పు ఆర్టీసీ కార్గోలో వేశాను, రసీదు మీ తమ్ముడు వాట్సాప్‌లో పెడతాడు. ఒక్కదానివే తినకు, హాస్టల్లో పక్క మంచం పిల్లకీ పెట్టు. మందులు పూర్తయ్యాక పరీక్ష మళ్ళీ చేయించి, రిపోర్టు నాకు పంపు, మీ అమ్మకి కాదు. ఆవిడ చదవకుండానే ఏడుస్తుంది.

ఇట్లు
మీ అత్త