నోరు తెరవండి, నాలుక చాపండి!

కాలికి ఆపరేషన్ చేయించుకోబోయే మనిషి దగ్గరికి ముందుగా మత్తు డాక్టరు వస్తారు. "నోరు బాగా తెరవండి, నాలుక చాపండి" అంటారు. కాలికి ఆపరేషనైతే నోటితో పనేమిటి?

పూర్తి మత్తులో కండరాలు సడలిపోతాయి. నాలుక వెనక్కి జారి గాలి దారికి అడ్డుపడుతుంది. ఊపిరి కూడా ఆగిపోవచ్చు. అందుచేత డాక్టరు నోటిగుండా శ్వాసనాళంలోకి ఒక గొట్టం పంపి, దాని ద్వారా గాలి అందిస్తారు.

అందుకు వ్యవధి ఎంత? లెక్క వేద్దాం. ఊపిరి మామూలుగా వదిలాక కూడా పెద్దవారి ఊపిరితిత్తులలో సుమారు 2,500 మిల్లీలీటర్ల గాలి మిగులుతుంది. అందులో ఆక్సిజన్ ఐదో వంతు, అంటే 500 మి.లీ. మించదు. శరీరానికి నిమిషానికి దాదాపు 250 మి.లీ. కావాలి. నిల్వ రెండు నిమిషాలకు మించి రాదన్నమాట! అందుకే మత్తు ఇచ్చేముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. దానివల్ల మరికొన్ని నిమిషాలు దొరుకుతాయి. అయినా, గొట్టం వేయడం ఎవరికి కష్టమో ముందే తెలిస్తే ప్రాణాపాయం తప్పుతుంది.

దీనికొక సులువైన పరీక్షను రూపొందించినవారు మన తెలుగువారే. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 1985లో, సహచరులతో కలిసి 210 మంది రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించారు. నోటిలో నాలుక ఎక్కువ చోటు ఆక్రమిస్తే, దాని వెనకనున్న స్వరపేటిక కనిపించడం కష్టమని ఆయన ఆలోచన. ఆయన మూడు తరగతులు చెప్పగా, 1987లో నాలుగోది చేరింది.

మీరూ అద్దం ముందు నిటారుగా కూర్చుని చూడండి. నోరు పూర్తిగా తెరిచి నాలుక చాపండి. "ఆ..." అనకూడదు, అంటే మెత్తని అంగిలి పైకి లేచి లెక్క తప్పుతుంది. కొండనాలుక, దాని రెండు పక్కల మడతలు పూర్తిగా కనిపిస్తే మొదటి తరగతి. కొండనాలుక కొస నాలుక చాటున దాగితే రెండవది. దాని మొదలు మాత్రమే కనిపిస్తే మూడవది. గట్టి అంగిలి తప్ప మరేమీ కనిపించకపోతే నాలుగవది. ఏ తరగతి అయినా జబ్బు కాదు సుమా!

ఈ ఒక్క పరీక్షే చాలదు. మొదటి తరగతివారికీ ఒక్కొక్కప్పుడు కష్టమవుతుంది. అందుకని నోరు మూడు వేళ్ళ మేర తెరుచుకుంటుందా, మెడ వెనక్కి వంగుతుందా, గడ్డం పొట్టిగా ఉందా, పళ్ళు కదులుతున్నాయా అన్నవి కూడా చూస్తారు. కష్టమని తోస్తే కెమెరా ఉన్న పరికరాలు సిద్ధం చేసుకుంటారు. అవసరమైతే గొంతుకు మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే గొట్టం వేస్తారు.