కంప్యూటరు దానంతటది ఆరిపోవాలంటే



ఆ మధ్య తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఉదయపు సేకరణ సగంలో ఉండగా కరెంటు పోయింది. యు.పి.ఎస్. రెండు నిమిషాలైనా నిలవలేదు. రాత్రి కరెంటు పోయినప్పుడు కంప్యూటరు వెలుగుతూనే ఉండి, బ్యాటరీని అప్పుడే ఖాళీ చేసింది. పాలు పోసేవారు క్యానులతో నిలబడిపోయారు. వెన్న శాతాలు చేతితో రాయవలసి వచ్చింది. “నేను మూసే వెళ్ళానండీ, తెరమీద ‘సిస్టమ్ హాల్టెడ్’ అని కూడా పడింది” అన్నాడు కార్యదర్శి. అతని మాట నిజమే.

ఆ మాటకు అర్థం, లినక్సు పని నిలిపిందని, లెక్కలు డిస్కు మీదికి చేరాయని. కరెంటు తెగిందని కాదు. పూర్వపు కంప్యూటర్ల స్విచ్చి ఇంటి దీపపు స్విచ్చి వంటిదే. 1995లో వచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో సరఫరా ఆపే అధికారం మదర్‌బోర్డుకు పోయింది. బోర్డుకు ఆ ఆజ్ఞ ఇవ్వవలసింది లినక్సుకు గుండెకాయ అయిన కెర్నెల్. ఆజ్ఞ ఇచ్చే పద్ధతి మొదట 1992 నాటి ఏపీఎం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా ప్రకటించిన ఏసీపీఐ దాని స్థానంలోకి వచ్చింది.

ముందు ఆజ్ఞ సరిచూడండి. ‘హాల్ట్’ అని కొడితే చాలాచోట్ల యంత్రం నిలిచిపోతుందే గాని ఆరదు. ‘పవరాఫ్’ అని కొట్టండి. అప్పుడూ ‘సిస్టమ్ హాల్టెడ్’ అనే వస్తే, సరఫరా ఆపే దారి కెర్నెల్‌కు తెలియదన్నమాట. ‘పవర్ డౌన్’ అని వచ్చి కూడా దీపం ఆరకపోతే లోపం బయోస్‌లోనో బోర్డులోనో వెతకాలి.

మా సంఘం కథ మొదటిదే. యంత్రం అమర్చినవారు కెర్నెల్ చిన్నదిగా ఉండాలని ఏసీపీఐ తీసివేశారట! వారిని పిలిపించి, ‘మేక్ మెనూకాన్ఫిగ్’ తెరలో పవర్ మేనేజ్‌మెంట్ విభాగంలోని ఏసీపీఐ సపోర్టుకు ‘వై’ పెట్టించి, కెర్నెల్ మళ్ళీ కట్టించాము. ఇది విడి మాడ్యూలుగా కుదరదు, కెర్నెల్‌లోనే ఉండాలి. ఏపీఎం ఒక్కటే తెలిసిన పాత 32 బిట్ల యంత్రమైతే ఏపీఎం ఎంచుకోవాలి. పాత కెర్నెల్‌ను మాత్రం బూట్ పట్టికలో ఉంచమనండి. కొత్తది మొరాయిస్తే సాయంత్రపు సేకరణ ఆగకూడదు.

ఈ మరమ్మతు జరిగేవరకు, ఆ రెండు మాటలలో ఒకటి తెరమీద పడ్డాకనే గోడ స్విచ్చి తీయండి. అంతకుముందు తీస్తే పోయేది మీ పక్షపు పాలబిల్లు లెక్క.