ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదా? మీ హక్కులివి

కొత్త ప్రింటర్ తెచ్చాం, సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదు. ముందు ఏం చూడాలి?

కేబుల్. చాలా మోడళ్లకు ఇన్‌స్టలేషన్ మధ్యలో అడిగినప్పుడే యూఎస్‌బీ పెట్టాలి. ముందే పెడితే విండోస్ తనకు దొరికిన డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసేసుకుని, తర్వాత అసలుదాన్ని రానివ్వకపోవచ్చు. అప్పుడు సెట్టింగ్స్‌లో ప్రింటర్‌ను తీసేసి, కేబుల్ పీకి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. వైఫై ప్రింటరైతే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్ చేసి ఉందా చూడండి. ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ అందదు.

సాయం కోసం నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేయొచ్చా?

దయచేసి చేయకండి. వెతగ్గానే పైన కనిపించే ‘కస్టమర్ కేర్’ ప్రకటనల్లో దొంగవీ ఉంటాయి. ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేయించి, మీ స్క్రీన్ చూస్తూ, డ్రైవర్‌కు డబ్బు కట్టమంటారు. ఇళ్లలో వాడే ప్రింటర్లకు డ్రైవర్ కంపెనీ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. కంపెనీ నంబరు పెట్టె మీద ముద్రించి ఉంటుంది, దానికే చేయండి. ఇప్పటికే డబ్బు పోయుంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అంటున్నాడు షాపతను.

లోపమున్న వస్తువు విషయంలో ఆ మాట చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ‘విండోస్ 11లో పనిచేస్తుంది’ అని పెట్టె మీద రాసి, పనిచేయకపోతే లోపమేనని వాదించవచ్చు. కానీ విండోస్ 10 కావాలని రాసున్నదాన్ని విండోస్ 7 మీద వేయబోతే మాత్రం మీ వాదన నిలవదు. అందుకే కొనేముందే పెట్టె పక్కనున్న ఆ చిన్నక్షరాలు చదవాలి.

ఆన్‌లైన్‌లో కొన్నాం. ఎవరినడగాలి?

ఆ సైట్ ఫిర్యాదుల అధికారిని. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

అయినా పట్టించుకోకపోతే?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. తేలకపోతే మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బిల్లు, ఎర్రర్ కనిపిస్తున్న స్క్రీన్ ఫొటో, కంపెనీ ఇచ్చిన ఫిర్యాదు నంబరు దగ్గరుంచుకోండి. ప్రింటర్ పనిచేసేదాకా పెట్టె పారేయకండి.