ఇంటికొరకు వెల్డింగు యంత్రము నెన్నుకొనుట

విరిగిన గేటు కీలు, ఊడిన సైకిలు స్టాండు, బీటవారిన ఇనుప మంచపు కోడు — ఇట్టి పనులకై ఇంటనే వెల్డింగు యంత్రము నుంచుకొనువారు నేడు పెక్కండ్రు గలరు. ఏది కొనవలెనని పిల్లల తండ్రులు మమ్ముఁ గూడ అడుగుచుందురు. తరగతిలో నేర్చిన విద్యుచ్ఛక్తి లెక్కయే దీనికిఁ జాలవఱకు ఉత్తరము చెప్పును.

అంగడిలోని యంత్రముపై 200 అని పెద్ద అంకె యుండును. అది ఆంపియర్ల సంఖ్య. కొనువారు దానినే చూచి మురియుదురు. మొదట చూడవలసినది యంత్రమును గాదు, ఇంటి గోడలోని తీగెను. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో పలుచని ఇనుము నతుకుటకు సుమారు 80 ఆంపియర్లు చాలును. అప్పుడు ఆర్కు వోల్టేజి రమారమి 23. గుణించిన 1840 వాట్లు. యంత్రములో కొంతశక్తి వేడిమిగాఁ బోవును గావున, లైనునుండి 2000 వాట్లకుఁ బైగా గ్రహించును. మన 230 వోల్టుల సప్లయిలో 6 ఆంపియర్ల సాకెట్టు ఇయ్యఁగలిగినది 1380 వాట్లే. దానికిఁ దగిలించినచో తీగె కాఁగి, పై తొడుగు కరగి, ఇల్లే అంటుకొనవచ్చును. 16 ఆంపియర్ల సాకెట్టైనను 3680 వాట్లకు మించదు. 200 ఆంపియర్లు పూర్తిగా వాడినచో ఆర్కు వద్దనే 5600 వాట్లు కావలయును. ఇంటిలో వాడుటకు వీలుకాని అంకెకు వెల యేల చెల్లింపవలెను? ఆ ధనముతో దళసరి రాగితీగెయు, ప్రత్యేకమగు బ్రేకరును, మంచి ఎర్తింగును ఎలక్ట్రీషియనుచే ముందుగా అమర్పించుకొనుట మేలు.

పిమ్మట డ్యూటీ సైకిలు చూడవలెను. 120 ఆంపియర్లకు నూటికి 60 అని వ్రాసియున్నచో, పది నిమిషములలో ఆఱు నిమిషములు అతుకవచ్చును. తక్కిన నాలుగు యంత్రము చల్లారవలెను. ఈ సంఖ్య వ్రాయని యంత్రమును మేము కొనుమని చెప్పము.

ట్రాన్స్‌ఫార్మరు రకము గట్టిదే గాని మిక్కిలి బరువు, కరెంటును ఎక్కువ లాగును. ఇన్వర్టరు రకము ఒంటిచేత మోయవచ్చును. (కరెంటు పోయినప్పుడు పంకాలు త్రిప్పు ఇన్వర్టరు వేఱు.) గ్యాసుతోఁ బనిచేయునవి ఆరుబయట గాలికి ఆ గ్యాసు చెదరుటచే అతుకు చెడును. ఇంటికి రాడ్డుతో నతుకు చిన్న ఇన్వర్టరు యంత్రమే తగును.

తల్లిదండ్రులారా, యంత్రముతోఁబాటే 10వ నంబరు అద్దముగల ముసుగు, తోలు చేతితొడుగులు కొనుఁడు. ఎండకుఁ బెట్టుకొను నల్ల కళ్లజోడు చాలదు. ఆర్కులోని అతినీలలోహిత కిరణములు సోఁకిన కన్ను అప్పటికప్పుడు నొప్పి పెట్టదు. కొన్ని గంటలకు, పిల్లలు నిద్రించువేళ, ఇసుక పోసినట్లు మండును. మెఱుపు చూడ మూఁగు పసివారికి ముసుగులు లేవు. వారిని లోపలికిఁ బంపి, తలుపు మూసి, మఱి రాడ్డు నంటింపవలెను.